అన్ని స్టార్ స్క్రూలూ ఒకటి కాదు



ఈ రోజు మనం మాట్లాడుకునేది రాజుల గురించీ కాదు, యుద్ధాల గురించీ కాదు. మీరు ఈ వీడియో చూస్తున్న గదిలోనే ఏ యాభయ్యో వందో ఉండే ఒక చిన్న వస్తువు గురించి. స్క్రూ. తెలుగులో మరమేకు అనే మంచి మాట ఉంది గానీ, షాపుకెళ్ళి అడిగితే స్క్రూ అనే అడుగుతాం. తల మీద ఒక్క గీత ఉంటే మైనస్, ప్లస్ గుర్తు ఉంటే స్టార్. ఈ ఎపిసోడ్ అంతా ఆ స్టార్ స్క్రూ గురించే.

ఇదిగో, నా అరచేతిలో మూడు స్క్రూలు ఉన్నాయి. కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను, చూడండి. మూడింటి మీదా ప్లస్సే. తేడా కనిపించిందా? చాలామందికి కనిపించదు. కానీ ఒకటి అమెరికా డిజైను, ఒకటి ఇంగ్లాండులో బాగా పాతుకుపోయిన డిజైను, ఇంకొకటి జపాన్ కొలత. మూడింటికీ మూడు వేరు వేరు బిట్లు కావాలి. ఈ సంగతి నాకు నలభై దాటాక గానీ తెలియలేదు. అది తెలియకపోవడం వల్ల మా ఇంట్లో ఒక కుర్రాడికి అన్యాయం జరిగింది. ముందు ఆ ముక్క చెప్పి, తర్వాత చరిత్రలోకి వెళ్దాం.

మా నాన్నగారికి మోటార్ సైకిల్ రిపేరు షెడ్డు ఉండేది. 1980ల మధ్యలో మన దేశంలో జపాన్ కంపెనీలతో కలిసి వంద సీసీ బళ్ళు తయారు చెయ్యడం మొదలైంది కదా. హీరో హోండా, ఇండ్ సుజుకి, యమహా, ఇలా. అప్పటిదాకా బుల్లెట్లు, జావాలు, రాజ్‌దూత్‌లు విప్పిన చేతులు మా నాన్నగారివి. ఈ కొత్త బళ్ళని కూడా ఆయన తొందరగానే పట్టేశారు. నేను చదువుకుంటూ, సెలవు రోజుల్లో షెడ్డులో కూర్చునేవాణ్ణి.

మా దగ్గర పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఒకడు పనికి ఉండేవాడు. ఒకరోజు జపాన్ మోడల్ బండి ఒకటి వచ్చింది. ఇంజను పక్క కవరు విప్పాలి. కవరు అల్యూమినియం, స్క్రూలు ఉక్కు. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి, ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. అతను స్టార్ స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పాడు. టక్కుమని జారింది. ఇంకోసారి పెట్టాడు, మళ్ళీ జారింది. నాలుగోసారికి ప్లస్ గుర్తు కాస్తా గుండ్రటి గుంట అయిపోయింది. చివరికి డ్రిల్ మిషన్ పెట్టి తల ఎగరగొట్టాల్సి వచ్చింది. ఆ పనిలో కవరు కూడా పాడైంది. నాన్నగారు నలుగురి ముందూ అతన్ని చేతకానివాడని తిట్టారు. కొత్త కవరు డబ్బులు అతని జీతంలోంచి కోశారు. నెల తిరక్కుండా అతను పని మానేసి వెళ్ళిపోయాడు.

ఇందులో నా వంతు కూడా ఉంది. ఆ స్టార్ స్క్రూడ్రైవర్ బజారు నుంచి తెచ్చింది నేనే. కొత్తది, మంచిది, దీంతో విప్పు అని అతని చేతికిచ్చింది నేనే.

సరే, ఇక చరిత్ర.

మొదట మైనస్ స్క్రూ ఎందుకు అన్ని వందల ఏళ్ళు బతికిందో చూద్దాం. దాన్ని చెయ్యడం తేలిక. స్క్రూ తల మీద రంపంతో ఒక్క కోత కోస్తే చాలు, గాడి పడిపోతుంది. విప్పడానికి ప్రత్యేకమైన పనిముట్టు కూడా అక్కర్లేదు. చాకు మొన పెట్టి విప్పిన వాళ్ళున్నారు, రూపాయి బిళ్ళ పెట్టి విప్పిన వాళ్ళూ ఉన్నారు.

దాని లోపం కూడా ఆ గాడిలోనే ఉంది. గాడి రెండు పక్కలా తెరుచుకుని ఉంటుంది. డ్రైవర్ మధ్యలో నిలబడాలన్న నియమం ఏమీ లేదు. కొంచెం పక్కకి ఒరిగితే జారిపోతుంది, బల్ల మీద గీత పడుతుంది, లేదా ఎడమ చేతిలో దిగుతుంది. చేత్తో నెమ్మదిగా పని చేసినన్నాళ్ళూ జనం దీన్ని భరించారు. ఇరవయ్యో శతాబ్దంలో ఫ్యాక్టరీల్లో వరసగా కార్లు బిగించడం మొదలయ్యాక అది కుదరలేదు. మిషన్‌తో తిప్పితే మైనస్ బిట్టు గాడిలో నిలవదు.

ఇక్కడ మన కథలోకి ఒక కెనడా మనిషి వస్తాడు. పేరు పీటర్ లిమ్‌బర్నర్ రాబర్ట్‌సన్. పనిముట్లు అమ్మే సేల్స్‌మన్. మాంట్రియల్‌లో జనం ముందు ఒక స్క్రూడ్రైవర్ ఎలా పని చేస్తుందో చూపిస్తుంటే అది జారి చెయ్యి తెగిందనీ, ఆ కోపంతోనే కొత్త స్క్రూ గురించి ఆలోచించాడనీ చెబుతారు. స్క్రూ తలలో చతురస్రం ఆకారంలో లోతుగా గుంట చేశాడు. 1908లో ఒంటారియోలోని మిల్టన్ అనే ఊళ్ళో తయారీ మొదలుపెట్టాడు. నాలుగు పలకల బిట్టు ఆ నాలుగు పలకల గుంటలో కూర్చుంటే కదలదు. స్క్రూ బిట్టుకే అంటిపెట్టుకుని ఉంటుంది, ఒంటిచేత్తో బిగించుకోవచ్చు. టొరంటోలో ఉన్న మనవాళ్ళని అడగండి, ఇప్పటికీ అక్కడి హార్డ్‌వేర్ షాపుల్లో ఇవే కనిపిస్తాయి. డ్రైవర్ పిడి రంగుని బట్టి సైజు చెప్పేస్తారు. పసుపు సున్నా, ఆకుపచ్చ ఒకటి, ఎరుపు రెండు, నలుపు మూడు.

ఇంత మంచి స్క్రూ ప్రపంచమంతా ఎందుకు పాకలేదు? కెనడాలో ఫోర్డ్ కార్ల తయారీలో ఇది వాడారు. పని తొందరగా అయ్యేది. హెన్రీ ఫోర్డ్‌కి నచ్చింది. కానీ ఆయనకి ఒకే మనిషి దగ్గర కొనుక్కుంటూ కూర్చోవడం ఇష్టం లేదు, తయారీ మీద తనకి పట్టు కావాలన్నాడు. రాబర్ట్‌సన్ అంతకుముందే ఇంగ్లాండులో ఒక కంపెనీకి హక్కులిచ్చి దెబ్బతిని ఉన్నాడు. ఇంకెవరికీ లైసెన్స్ ఇవ్వనన్నాడు. బేరం చెడింది. స్క్రూ కెనడా గడప పెద్దగా దాటలేదు.

ఇది గుర్తుపెట్టుకోండి. మంచి వస్తువు ఉంది, కానీ దాన్ని పంచుకోవడానికి మనిషి సిద్ధంగా లేడు.

ఇప్పుడు అమెరికా వెళ్దాం. ఒరెగాన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ నగరం. అక్కడ జాన్ పి. థాంప్సన్ అనే ఆయనకి స్క్రూ తలలో ప్లస్ ఆకారపు గుంట చెయ్యాలన్న ఆలోచన వచ్చింది. 1933లో పేటెంట్లు కూడా వచ్చాయి. కానీ స్క్రూ కంపెనీలు ఒప్పుకోలేదు. తల మధ్యలో అంత గట్టిగా గుద్ది గుంట చేస్తే తల పగిలిపోతుంది పొమ్మన్నారు. ఆయన దగ్గర ఆ హక్కులు తీసుకున్న మనిషే హెన్రీ ఎఫ్. ఫిలిప్స్. అదే ఊరివాడు, వ్యాపారి. ఒకప్పుడు బల్బులూ టీవీలూ చేసిన ఫిలిప్స్ కంపెనీకీ ఈయనకీ ఏ సంబంధమూ లేదు. అది హాలెండు కంపెనీ, ఇది మనిషి పేరు. చాలామంది పొరపాటు పడతారు కాబట్టి చెబుతున్నాను.

ఫిలిప్స్ ఆ డిజైన్‌ని మార్చాడు. గుంటని కిందకి పోయేకొద్దీ సన్నబడేలా, మొన దేరేలా చేశాడు. దీనివల్ల రెండు లాభాలు. ఒకటి, గుద్దే అచ్చు లోహంలోకి దిగి మళ్ళీ తేలిగ్గా బయటికొస్తుంది, కాబట్టి లక్షల్లో తయారు చెయ్యొచ్చు. రెండు, బిట్టు మొన గుంటలోకి దానంతటదే దారి వెతుక్కుంటుంది. కంటితో చూసి సరిపెట్టక్కర్లేదు. వరసలో నిలబడి రోజుకి వందల స్క్రూలు బిగించే కార్మికుడికి ఇది పెద్ద విషయం.

రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో ప్రావిడెన్స్‌లో ఉన్న అమెరికన్ స్క్రూ కంపెనీ దీన్ని తయారు చెయ్యడానికి ముందుకొచ్చింది. అక్కడి ఇంజనీర్లు కూడా మొదట కుదరదనే అన్నారట. 1936లో ఫిలిప్స్ పేటెంట్లు వచ్చాయి. అదే ఏడాది జనరల్ మోటార్స్ తన క్యాడిలాక్ కార్లలో ఈ స్క్రూ వాడింది. నాలుగైదేళ్ళు తిరిగేసరికి అమెరికా కార్ల కంపెనీలన్నీ దాదాపు ఇటే వచ్చేశాయి. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలకీ ట్యాంకులకీ ఇదే.

తేడా గమనించారా? ఫిలిప్స్ సొంతంగా స్క్రూ ఫ్యాక్టరీ పెట్టలేదు. అడిగిన ప్రతి కంపెనీకీ లైసెన్స్ ఇచ్చాడు. పట్టులో రాబర్ట్‌సన్ స్క్రూ మెరుగు. ఫిలిప్స్‌ది ఎవరైనా చెయ్యగలిగిన స్క్రూ, ఎక్కడైనా దొరికే స్క్రూ. చివరికి గెలిచింది ఇదే.

దీనికి ఒక ఖరీదు కూడా ఉంది. అది చేత్తో చూపిస్తాను. గోడ నిలువుగా ఉంటే, దాన్ని తోసినప్పుడు మీ బలమంతా గోడ మీదే పడుతుంది. అదే గోడ ఏటవాలుగా ఉందనుకోండి, తోసేకొద్దీ చెయ్యి పైకి జారుతుంది. ఫిలిప్స్ గుంట గోడలు ఏటవాలు. మీరు తిప్పే బలంలో కొంత, బిట్టుని పైకి నెట్టెయ్యడానికే పోతుంది. అందుకే స్టార్ స్క్రూని తిప్పుతూనే కిందకి గట్టిగా అదమాలి. అదమకపోతే బిట్టు లేచిపోతుంది, లేచేటప్పుడు అంచులు కొరుక్కుపోతాయి.

ఇక్కడ ఒక ప్రచారం ఉంది. బిట్టు జారడం లోపం కాదు, కావాలనే అలా చేశారు, స్క్రూ మరీ బిగుసుకుపోయి మర తెగకుండా అది జాగ్రత్త అని చాలామంది చెబుతారు. మరి ఫిలిప్స్ మొదటి పేటెంట్లలో ఈ మాట ఎక్కడా లేదు. 1949లో వచ్చిన ఒక మెరుగుదల పేటెంటులో మాత్రం ఇది కనిపిస్తుంది. అంటే, జారడం ముందు వచ్చింది, అది మంచికేనన్న వివరణ తర్వాత వచ్చింది. మనం కూడా ఇంట్లో ఇలాగే చేస్తుంటాం కదా, కూర మాడితే కమ్మగా ఉందంటాం.

ఈ జారుడుకి మందుగా వచ్చిందే నా చేతిలో ఉన్న రెండో స్క్రూ, పోజీడ్రివ్. ఫిలిప్స్ పేరుతోనే ఉన్న కంపెనీకీ ఇందులో భాగం ఉంది. 1960ల నుంచి ఇంగ్లాండులో, యూరప్‌లో ఇది బాగా పాతుకుపోయింది. ఇందులో గుంట గోడలు ఏటవాలుగా కాకుండా దాదాపు నిలువుగా ఉంటాయి. బిట్టుకి నాలుగు రెక్కల మధ్యన ఇంకో నాలుగు సన్నటి పక్కటెముకల్లాంటివి ఉంటాయి. గుర్తుపట్టడం తేలిక. స్క్రూ తల మీద ప్లస్ గుర్తు సందుల్లో, మూలలకి, నాలుగు సన్నగీతలు కనిపిస్తాయి. అవి ఉంటే పోజీడ్రివ్, లేకపోతే కాదు. బిట్టు మీద పీహెచ్ అని ఉంటే ఫిలిప్స్, పీజెడ్ అని ఉంటే పోజీడ్రివ్. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 4757లో ఫిలిప్స్‌ని హెచ్ రకమనీ, పోజీడ్రివ్‌ని జెడ్ రకమనీ అంటారు.

లండన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉండి, పెట్టెలో ముక్కలుగా వచ్చిన బీరువాని ఆదివారం పూట బిగించుకునే మనవాళ్ళకి ఇది బాగా అనుభవమే. చేతిలో పీహెచ్ 2 బిట్టు ఉంటుంది, బీరువాకి వచ్చింది పీజెడ్ 2 స్క్రూ. బిట్టు లోపలికి పోతుంది, సరిపోయినట్టే అనిపిస్తుంది, కానీ వదులు. చివరి రెండు చుట్లు బిగించేటప్పుడు గర్రుమని తిరిగిపోతుంది. తిరగేసి పెట్టినా అంతే. పోజీడ్రివ్ బిట్టుకున్న పక్కటెముకలు ఫిలిప్స్ గుంటలో పట్టవు, అది అడుగుదాకా దిగదు. ఇక్కడ మన ఊళ్ళో మాడ్యులర్ కిచెన్ అల్మరాల తలుపులు చూడండి. యూరప్ డిజైను హింజెస్ అయితే, తలుపు సర్దడానికి ఉండే స్క్రూ చాలాసార్లు పోజీడ్రివ్వే.

ఇప్పుడు మూడోది. మా కుర్రాడి జీతం కోసిన స్క్రూ.

1954లో సోయిచిరో హోండా ఐల్ ఆఫ్ మ్యాన్ మోటార్ సైకిల్ రేసులు చూడటానికి యూరప్ వెళ్ళాడు. అక్కడొక ఫ్యాక్టరీలో నేల మీద పడి ఉన్న స్టార్ స్క్రూని జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాడని జపాన్‌లో ఒక కథ చెప్పుకుంటారు. మైనస్ స్క్రూని చేత్తో బిగించాలి, దీన్ని మిషన్‌తో బిగించొచ్చు, ఆ తేడా ఆయనకి వెంటనే తట్టిందట. కథలో ఎంత నిజముందో గానీ, జపాన్ మోటార్ సైకిళ్ళ నిండా స్టార్ స్క్రూలు ఉండటం మాత్రం మన కళ్ళ ముందున్న నిజం.

జపాన్ వాళ్ళు తమ సొంత ప్రమాణం రాసుకున్నారు. దాన్ని పొట్టిగా జేఐఎస్ అంటారు. ప్లస్ గుర్తే, చూడటానికి ఫిలిప్సే. కానీ లోపలి కొలతల్లో, మూలల వంపులో చిన్న తేడా. ఎంత చిన్నదంటే కంటికి ఆనదు. ఫలితం మాత్రం పెద్దది. మామూలు ఫిలిప్స్ డ్రైవర్ ఈ గుంటలో పూర్తిగా అడుగుదాకా కూర్చోదు. పైపైన పట్టుకుంటుంది. బలంగా తిప్పగానే లేచిపోతుంది. తిరగేస్తే మాత్రం ఇబ్బంది లేదు. జేఐఎస్ డ్రైవర్ ఫిలిప్స్ స్క్రూలో చక్కగానే పని చేస్తుంది. చాలా జపాన్ స్క్రూల తల మీద, ప్లస్ గుర్తు పక్కన, గుండుసూది మొనంత చుక్క ఒకటి ఉంటుంది. ఇదిగో, దీని మీద ఉంది చూడండి. ఆ చుక్క అర్థం ఇదే. మా షెడ్డులో ఆ చుక్కని ఇరవై ఏళ్ళు చూశాం. అదేంటని ఎవరమూ అడగలేదు.

పాత మెకానిక్కులు దీనికి తమదైన దారి కనిపెట్టుకున్నారు. స్క్రూడ్రైవర్ పెట్టి వెనక సుత్తితో ఒక్కటి వేస్తారు. లేదా ఇంపాక్ట్ డ్రైవర్ వాడతారు. సుత్తితో కొట్టిన దెబ్బకి అది కిందకి నొక్కుతూనే కొంచెం తిరుగుతుంది, కాబట్టి బిట్టు లేచే అవకాశం ఉండదు. అదీ కాకపోతే ఉలి పెట్టి తల అంచు మీద కొట్టి తిప్పడమే. వాళ్ళ చేతులకి జబ్బు తెలుసు, పేరు తెలియదు.

నాకు పేరు తెలిసింది కొన్నేళ్ళ క్రితం. నాన్నగారు షెడ్డు మూసేశాక కూడా ఒక పాత బండిని అమ్మకుండా ఉంచుకున్నారు. దాని కార్బురేటర్ విప్పుదామని కూర్చుని, స్క్రూలు పాడవకుండా ఎలా తియ్యాలో చదువుతుంటే ఈ జేఐఎస్ సంగతి కనిపించింది. ఒక డ్రైవర్ తెప్పించాను. పెట్టగానే తేడా చేతికి తెలిసింది. బిట్టు లోపలికి దిగి కూర్చుంది, ఊపితే ఊగలేదు. ముప్ఫై ఏళ్ళుగా కదలని స్క్రూ ఒక్కసారి కిర్రుమని కదిలింది.

నాన్నగారిని పిలిచాను. ఆయనకి అప్పటికే ఎనభై దగ్గర పడ్డాయి. పాతదీ కొత్తదీ రెండూ ఆయన చేతికిచ్చాను. ఒకదాని తర్వాత ఒకటి అదే స్క్రూలో పెట్టి చూశారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "వాడు అప్పుడే చెప్పాడురా. ఇది సరిగ్గా కూర్చోట్లేదు గురువుగారూ అని చెప్పాడు. నేనే వినలేదు."

ఈ చరిత్రంతా మీకు ఎందుకు చెప్పానంటే, ఆ మాట కోసమే. బిట్టు జారితే మనం ముందు చేతిని తిడతాం. చెయ్యి సరిగ్గా లేదంటాం, శ్రద్ధ లేదంటాం, చేతకాదంటాం. కానీ ఆ చెయ్యి ఆ స్క్రూ మీద పడేటప్పటికే ఎన్నో నిర్ణయాలు జరిగిపోయి ఉంటాయి. మిల్టన్‌లో ఒకాయన లైసెన్స్ ఇవ్వనన్నాడు. పోర్ట్‌లాండ్‌లో ఒకాయన అందరికీ ఇచ్చాడు. జపాన్‌లో తమ కొలత తాము రాసుకున్నారు. ఏదీ తప్పు కాదు. కానీ అవన్నీ వచ్చి పడింది మాత్రం ఒక పద్దెనిమిదేళ్ళ కుర్రాడి మణికట్టు మీద. అతను తనకి తెలిసింది చెప్పాడు కూడా.

కాబట్టి మీరు చెయ్యగలిగింది చెబుతాను. స్క్రూ తల తుడిచి, వెలుతురులో చూడండి. మూలలకి సన్నగీతలుంటే పీజెడ్. పక్కన చుక్క ఉంటే జేఐఎస్. రెండూ లేకపోతే చాలావరకు పీహెచ్. సైజు ముఖ్యం. ఇంట్లో ఎక్కువగా కనిపించేది రెండో నంబరు. ఒకటో నంబరు బిట్టు కూడా అందులో దూరుతుంది, దూరింది కదా అని తిప్పకండి. బిట్టు పెట్టి, తిప్పకుండా, ముందు అటూ ఇటూ ఊపి చూడండి. ఊగితే అది దాని జోడీ కాదు. అరిగిపోయిన బిట్టుని దాచుకోకండి, పారెయ్యండి. అది ఒక స్క్రూతో ఆగదు, తగిలిన ప్రతి స్క్రూనీ పాడు చేస్తుంది. పక్కన పని చేసేవాళ్ళు ఇది కూర్చోవట్లేదు అంటే, ఒక్క నిమిషం ఆగి చూడండి.

ఆ కుర్రాడి సంగతి చెప్పకుండా ముగిస్తే మీరు ఊరుకోరు. తెలిసినవాళ్ళ ద్వారా వెతికితే దొరికాడు. ఇప్పుడు కుర్రాడు కాదు లెండి, యాభై దగ్గర పడ్డాయి. వేరే ఊళ్ళో సొంత షెడ్డు పెట్టుకున్నాడు. నాన్నగారే ఫోన్ చేశారు. ఆ రోజు తప్పు నీది కాదురా అని, ఆ స్క్రూ సంగతి మొత్తం చెప్పారు. అవతల కాసేపు మాట లేదు. తర్వాత అతను అడిగింది ఒక్కటే.

"ఆ స్క్రూడ్రైవర్ ఎక్కడ దొరుకుతుంది గురువుగారూ?"

మర్నాడే కొరియర్‌లో పంపించాం. కోసిన జీతం కూడా అందులోనే పెట్టమన్నారు నాన్నగారు.

ఈ రోజుకి ఇంతే. మీ ఇంట్లో ఉన్న స్క్రూలు ఒకసారి వెలుతురులో చూసుకోండి. మళ్ళీ ఇంకో విషయంతో కలుద్దాం. సెలవు.